కుంటి కొంగ వైన్ పట్టిక

మా ఊరి చిన్న భోజనశాల, కుంటి కొంగ బిస్ట్రోలో ఈ ఏటి వైన్ పట్టిక విడుదలైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అట్ట నల్ల తోలు. లోపల మందపాటి కాగితం. వెన్నుకు వేలాడుతూ ఎర్ర పట్టుకుచ్చు. సోన్ నది ఒడ్డున ఉన్న మా ఊళ్ళో ఇంత గౌరవంగా చదివే పుస్తకం ఇంకొకటి లేదు. నగరపాలక సంఘం వారి నియమావళిని ఎవరూ తెరవరు. చర్చిలో కీర్తనల పుస్తకం పట్టుకుని నోరు కదుపుతారు గానీ పేజీ తిప్పరు. వైన్ పట్టికను మాత్రం మొదటి పేజీ నుంచి చివరి దాకా, కనుబొమలెత్తి, పెదవులు బిగించి, మధ్యలో ఎక్కడో ఒకచోట "ఊఁ" అంటూ చదువుతారు. చదవడం పూర్తయ్యాక చివరి నుంచి రెండో వైన్ తెప్పించుకుంటారు.

అట్టడుగున ఉన్న అన్నిటికంటే చవకదాన్ని తెప్పించుకుంటే పిసినారి అనుకుంటారు. అందుకని రెండోది. ఈ సంగతి యజమానురాలు మదామ్ పెరషోన్‌కు తెలుసు కనుక, ఎవరూ తాగక మిగిలిపోయిన సీసాలను ఆమె ఎప్పుడూ ఆ వరసలోనే పెడుతుంది. ఆమెకు తెలుసని మాకు తెలుసు. మాకు తెలుసని ఆమెకూ తెలుసు. ఇలా అందరికీ అన్నీ తెలిసి, ఎవరూ ఏమీ అనకుండా, ఉల్లిపాయల సూప్ చల్లారేలోపు భోజనం మొదలుపెట్టగలగడాన్నే మా వైపు నాగరికత అంటారు.

పట్టికలో ప్రతి వైన్ పేరు కింద ఒక వాక్యం ఉంటుంది. ఉత్త పేరు చూసి తాగడం పశువుల పద్ధతి అని మా అభిప్రాయం. ఒక తెల్ల వైన్ కింద "పెళ్ళి చేసుకోకూడదని నిర్ణయించుకున్న అక్కచెల్లెళ్ళ నవ్వు" అని ఉంది. ఒక ఎర్ర వైన్ కింద "సెప్టెంబరులో గుర్రం మెడ" అని ఉంది. సెప్టెంబరులో గానీ మరే నెలలో గానీ గుర్రం మెడను వాసన చూసినవారు మా ఊళ్ళో లేరు. అయినా ఆ వైన్ తాగినవారిలో గుర్రం తగలలేదని ఫిర్యాదు చేసినవారూ లేరు. పైగా ఒకాయన జీను కూడా తగిలిందన్నాడు.

ఈ వాక్యాలన్నీ ఆన్సెల్మ్ కుర్తూగారివి. ఆయన భూమి దస్తావేజుల కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఉద్యోగం చేసినంతకాలం ఆయన మాటను చివరిదాకా విన్నవారు లేరు. ఆఫీసులో ఆయన వాక్యం మొదలుపెడితే పై అధికారి పూర్తి చేసేవాడు. ఇంట్లో మొదలుపెడితే భార్య సోలాంజ్ పూర్తి చేసేది, తరచుగా ఆయన అనుకున్నదానికంటే బాగా. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం కుంటి కొంగలో ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, "ఇందులోంచి ఎవరో వెళ్ళిపోయారు" అన్నారు. బిస్ట్రో అంతా చెంచాలు ఆగిపోయాయి. ఆ వాక్యాన్ని పూర్తి చెయ్యడం ఎవరివల్లా కాలేదు. మనిషికి అన్నం మీద ఉన్నట్టే, తన మాట ఎదుటివాడు వినాలన్నదాని మీద కూడా ఆకలి ఉంటుంది. ఏళ్ళ తరబడి పస్తున్న ఆ ఆకలికి ఒకసారి విస్తరి వేస్తే, ఇక అది బల్ల దగ్గర నుంచి లేవదు. కుర్తూగారు లేవలేదు. మూలనున్న బల్ల దగ్గర, అద్దం కింది కుర్చీ ఆయనదైంది.

ఆ కుర్చీ అధికారాలను ఇక్కడ వివరించడం అవసరం. సీసాకు పెట్టే బిరడా ఒక్కోసారి చెడుతుంది. అప్పుడు లోపలి వైన్ తడిసి మురిగిన అట్టపెట్టెలా వాసన వేస్తుంది. "బిరడా కొట్టింది" అంటాం. అది ఆ ఒక్క సీసా ఖర్మ. దాని పక్క సీసా శుభ్రంగా ఉండవచ్చు. అందుకని సీసా తెరవగానే వడ్డించే గాస్పార్ గ్లాసులో కాస్త పోసి, "రుచి ఎవరు చూస్తారు?" అని అడుగుతాడు. అడిగేటప్పటికే మగవాడి గ్లాసులో పోసి ఉంటాడు. మగతోడు లేకుండా వచ్చిన ఆడవారికి కూజాలో పోసిన వైన్ ఇస్తాడు; కూజా వైన్‌కు రుచి చూసే మర్యాద లేదు కనుక ఎవరికీ ఇబ్బంది ఉండదు. మగవాడు తాగుతాడు. తాగి, తల ఊపే ముందు, ఓరగా మూల బల్ల వైపు చూస్తాడు. కుర్తూగారు అక్కడి నుంచే తల ఊపుతారు. అప్పుడు వీడూ ఊపుతాడు. మరీ సందేహంగా ఉంటే గాస్పార్ ఆ గ్లాసును కుర్తూగారి బల్ల దగ్గరికే పట్టుకెళతాడు.

గుక్క నోట్లో పడ్డాక తల ఊగేలోపు ఒక చిన్న విరామం ఉంది. మనస్తత్వ శాస్త్రం చదివినవారు దీని మీద తగినంత శ్రద్ధ పెట్టలేదు. ఆ విరామంలో మనిషి రుచి చూసేది వైన్‌ను కాదు. తనను చూస్తున్నవాళ్ళను. నాలుక ఏదో చెబుతూ ఉంటుంది. కానీ అది ఒక్కటే, వాళ్ళేమో గదినిండా ఉన్నారు.

కిందటేడు జనవరిలో కుర్తూగారికి గట్టి జ్వరం వచ్చి తగ్గింది. జ్వరం పోతూ పోతూ ఆయన ముక్కును వెంట తీసుకుపోయింది. వాసన అనేది మొత్తంగా లేకుండా పోయింది. నాలుకకు పులుపు, చేదు, ఉప్పు, తీపి మిగిలాయి. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య గోడ పలచన కావడం వల్ల ఈ విషయం బయటపడ్డ ఉదయం నాకు బాగా గుర్తుంది.

"ఈ పాలు బాగున్నాయే. కొత్త డెయిరీవా?" అన్నారు కుర్తూగారు.

"అవి అడుగంటి మాడు కంపు కొడుతున్నాయి ఆన్సెల్మ్. పారబోద్దామని పక్కన పెట్టాను. పిల్లి కూడా మొహం తిప్పుకుంది."

"పిల్లికేం తెలుసు?"

గిన్నె కింద పెట్టిన చప్పుడు. తర్వాత సోలాంజ్ గొంతు, మెల్లగా: "నీకు వాసన రావట్లేదు కదూ?"

"ఎవరితోనూ అనకు," అన్నారాయన.

సోలాంజ్ ఎవరితోనూ అనలేదు. పైగా సాయం చేసింది. సోలాంజ్ ముక్కు గురించి ఒక మాట చెప్పాలి. మెట్లెక్కుతూనే ఏ వాటాలో ఏం ఉడుకుతోందో, ఎవరింట్లో వెన్న పాతబడిందో చెప్పగలదు. నేను సిగరెట్లు మానేశానని ఊరంతా నమ్మిన సంవత్సరం ఆమె ఒక్కతే నమ్మలేదు. అటువంటి ముక్కు కుర్తూగారి పక్క కుర్చీలోనే ఉండగా ఊరు ఎందుకు నష్టపోవాలి? ఏర్పాటు చాలా సులువు. గాస్పార్ గ్లాసులో పోస్తాడు. కుర్తూగారు గ్లాసును గుండ్రంగా తిప్పుతూ కాస్త ఎడమకు, భార్య వైపుకు తెస్తారు. ఆమె రొట్టె తుంచుకుంటున్నట్టు ముందుకు వంగుతుంది. తర్వాత బల్ల కింద ఆయన బూటును తన కాలితో ఒకసారి తొక్కితే వైన్ బాగున్నట్టు, రెండుసార్లు తొక్కితే బిరడా కొట్టినట్టు. దాన్నిబట్టి ఆయన కళ్ళు మూసుకుని గుర్రాన్నో అక్కచెల్లెళ్ళనో తలుచుకుంటారు. అంటే మా ఊరి నాసిక తన నివాసాన్ని ముఖం నుంచి పాదాలకు మార్చుకుంది. పని మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు.

కుంటి కొంగలో బల్లలకు గుడ్డ పరవరు, కాగితం పరుస్తారు. ఆ కాగితం పొట్టి. నా చేతి రుమాలు ఒకరోజు జారి కింద పడింది. తీసుకోవడానికి వంగినప్పుడు పై విషయం నా కంటబడింది. తల పైకెత్తేసరికి, ఎదుటి బల్ల దగ్గర పోస్టాఫీసు పెద్దగుమాస్తా కూడా తన రుమాలు తీసుకుంటున్నాడు. ఆ చలికాలం కుంటి కొంగలో రుమాళ్ళు చాలా ఎక్కువగా కింద పడ్డాయి. అందరం చూశాం. చూసి, పైకి లేచి, మూల బల్ల వైపు తిరిగి, కుర్తూగారు తల ఊపేదాకా ఎదురుచూశాం.

ఆ ఏడాది నవంబరులో పట్టిక సభ జరిగింది. ఏటా కొత్త పట్టిక అచ్చుకు వెళ్ళేముందు మా ఊరి వైన్ ప్రేమికుల పీపా సోదర సంఘం వారు కుంటి కొంగలో మధ్యాహ్న భోజనానికి కూర్చుని, ఏ వైన్ కింద ఏ వాక్యం ఉండాలో నిర్ణయిస్తారు. సోదరులు రక్తవర్ణం మఖమలు అంగీలు, పళ్ళెమంత టోపీలు వేసుకుంటారు. సూప్ తాగేటప్పుడు టోపీలు అడ్డమొస్తాయి, అయినా తియ్యరు. సంఘానికి అధ్యక్షుడు దంతవైద్యుడు మోంతాగ్రేగారు. రోగుల నోళ్ళు తెరిపించి తను మాట్లాడటం అలవాటైన మనిషి.

ఆ సభకు మందుల దుకాణం ఎలోదీ కూడా వచ్చింది. ఊరికి కొత్త. కొత్తవారికి సహజమైన అమాయకత్వంతో ఒక ప్రశ్న అడిగింది.

"గాస్పార్ ఎప్పుడూ మగవాళ్ళకే పోస్తాడేంటి? మేము రుచి చూడకూడదా?"

గాస్పార్ సీసాతో సహా గోడకు అతుక్కుపోయాడు. మోంతాగ్రేగారు కుర్తూగారి వైపు చూశారు. కుర్తూగారు రుమాలుతో పెదవులద్దుకుని లేచారు. ఆ ఉపన్యాసాన్ని సంఘం వారు తర్వాత కరపత్రంగా వేశారు కనుక యథాతథంగా ఇస్తున్నాను.

"మద్‌మ్వాజెల్! ఆడవారి ముక్కు మీద నాకు అపారమైన గౌరవం. అది చాలా బాగా పనిచేస్తుంది. అదే దాని లోపం. కూర మాడితే దానికి తెలుస్తుంది. పసివాడు పక్క తడిపితే తెలుస్తుంది. మొగుడు ఎక్కడ కూర్చుని వచ్చాడో తెలుస్తుంది. రోజంతా ఇన్ని సంగతులు తెలుసుకునే ముక్కుకు ధ్యానానికి తీరిక ఎక్కడిది? వైన్‌కు కావలసింది వాసన చూసే ముక్కు కాదు, మద్‌మ్వాజెల్. వాసనకు అతీతమైన ముక్కు!"

చప్పట్లు మోగాయి. సోదరులు టోపీలు ఎత్తి దించారు. అంత గొప్ప మాట చెప్పి కూర్చున్నారు కుర్తూగారు. కూర్చోగానే ఆయన ఎడమ బూటు బల్ల కింద భార్య కాలి కోసం వెతుక్కుంటూ బయలుదేరింది.

అప్పుడు గాస్పార్ తెరిచిన సీసా మూగబావి అనే ఎర్ర వైన్. పక్క కొండ మీద తోట. పట్టికలో ఎప్పుడూ కిందిపేజీల్లో ఉంటూ వచ్చిన సాదా వైన్. తాగినవారు దాహం తీరిందనేవారు, అంతే. ఈ సీసాకు బిరడా కొట్టింది. ఆ సంగతి గాస్పార్ ముఖంలో కనిపించింది. మా బల్ల దాకా అట్టపెట్టె కంపు వచ్చింది. కుర్తూగారు గ్లాసు తిప్పి ఎడమకు తెచ్చారు. సోలాంజ్ ముందుకు వంగి, రొట్టె తుంచుకుని, నిదానంగా నమిలి మింగింది. తర్వాత బల్ల కింద ఒకే ఒక్కసారి తొక్కింది. చాలా గట్టిగా.

అంత గట్టిగా తొక్కిందంటే వైన్ ఎంత గొప్పదో అని కుర్తూగారు పొంగిపోయారు. కళ్ళు మూసుకున్నారు.

"వాన వెలిసిన మఠం," అన్నారు. "నేలమాళిగలో... తలుపు మూసి... తరాలుగా ఎవరూ తెరవని గ్రంథాలయం."

గాస్పార్ అందరి గ్లాసుల్లోనూ పోశాడు, తాగాం. నా నాలుక అట్టపెట్టె అంటోంది. నా తల ఎటు పోవాలో తెలియక ఆగింది. అంతలో మోంతాగ్రేగారు, "గ్రంథాలయం! నేనూ అదే అనబోతున్నా!" అన్నారు. పోస్టాఫీసు పెద్దగుమాస్తా, "చచ్చిపోయిన మా బాబాయి కోటు జ్ఞాపకం వస్తోంది" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకొక సోదరుడికి సన్యాసుల చెప్పులు తగిలాయి. ఎలోదీ ఒక గుక్క తాగి, అందరి ముఖాలూ చూసి, "అవునండీ, ఏదో పాతదనం ఉంది" అంది. అలా ఆమె మా ఊరి మనిషైంది.

మూగబావి కిందిపేజీ నుంచి మొదటి పేజీకి ఎక్కింది. దాని కింద మఠం, గ్రంథాలయం, వాన, అన్నీ అచ్చయ్యాయి. జనం విరగబడ్డారు. ఇక్కడే ఒక సాంకేతికమైన చిక్కు వచ్చింది. మిగతా సీసాలన్నీ బాగున్నాయి.

"ఇందులో మఠం ఏదయ్యా?" అని గాస్పార్‌ను నిలదీశారు.

"ఇది... ఇది ఇంకా కట్టలేదండీ," అన్నాడు గాస్పార్ ఒకరోజు తడుముకుంటూ.

శుభ్రమైన సీసాలు వరసగా వెనక్కి పోయాయి. బిరడా కొట్టిన సీసా ఎప్పుడైనా దొరికితే ఆ బల్ల చుట్టూ జనం మూగి అభినందించేవారు. మదామ్ పెరషోన్ బాధ్యత గల యజమానురాలు కనుక తోటవాడికి కబురు చేసింది. తోటవాడు వచ్చి, తాగి, ఉమ్మేసి, పరిస్థితి అంతా విని, చాలాసేపు ఆలోచించాడు. మరుసటి వారం నుంచి బిరడాల బస్తాలను చాకిరేవు పక్క తడి గదిలో నిలవ చెయ్యడం మొదలుపెట్టాడు. సీసా మీద మఠం బొమ్మ వేయించాడు. పక్క కొండలవాళ్ళు, తమ వైన్ శుభ్రంగా ఉందన్న అపవాదు భరించలేక, వాళ్ళూ తడి గదులు కట్టించుకుంటున్నారు. జిల్లా పర్యాటక శాఖవారు మూగబావి చుట్టుపక్కల అసలు మఠమేదైనా ఉందేమో వెతికించారు. లేదని తేలాక, ఉండిన చోటును గుర్తిస్తూ ఒక రాయి పాతించారు.

ఈ కృషికంతటికీ మూలపురుషుడిని సత్కరించాలని పీపా సోదర సంఘం తీర్మానించింది. కుర్తూగారికి "జీవితకాల నాసిక" అనే బిరుదు. పట్టిక మొదటి పేజీలో, వైన్‌లన్నిటికంటే పైన, ఆయన పేరు. ఆదివారం మధ్యాహ్నం విందు. ఆ వారమే గోడ అవతల ఈ సంభాషణ జరిగింది.

"ఆ రోజు సభలో నేను ఒక్కసారే తొక్కాను, గుర్తుందా?" అంది సోలాంజ్.

"గుర్తుండకేం? కాలు వాచింది. ఒకసారంటే బాగున్నట్టేగా."

"బాగాలేదు. కంపు కొట్టింది. కావాలనే ఒకసారి తొక్కాను."

కుర్తూగారి చెంచా పళ్ళెంలో పడ్డ చప్పుడు. "ఎందుకు?"

"నా ముక్కు పనిచెయ్యడమే దాని లోపమన్నావుగా. పోనీలే అని ఆ పూట దానికి సెలవిచ్చాను."

"సోలాంజ్! ఊరు ఊరంతా అదే తాగుతోందే ఇప్పుడు!"

"తాగనీ. ఒక్కడైనా అంటాడేమో చూద్దామనుకున్నా. ఒక్కడంటే ఒక్కడు అనలేదు."

"నవ్వు. నీకేం? నేను ఆ కుర్చీలోంచి లేస్తే ఏమవుతానో తెలుసా? మళ్ళీ దస్తావేజుల గుమాస్తానే. నేను నోరు తెరవగానే మోంతాగ్రే గడియారం చూసుకుంటాడు."

"జ్వరం వచ్చి వాసన పోయిందని చెప్పెయ్యి ఆన్సెల్మ్. అదేమన్నా దొంగతనమా?"

"చెప్పాక?"

"చెప్పాక ఇంటికొచ్చి సూప్ తాగుదువుగాని. ఎలా ఉందో నేను చెప్తా. బల్ల కింద నుంచి కాదు, నోటితో."

గోడ అవతల కుర్చీ కిర్రుమంది. "ఈ ఆదివారం ఒక్కటే. తర్వాత నువ్వెలా అంటే అలా. ఒక్కసారి కాలు పెట్టు సోలాంజ్."

"పెట్టను."

ఆదివారం సోలాంజ్ విందుకు వచ్చింది. మంచి గౌను వేసుకుంది. భర్త పక్కనే కూర్చుంది. రెండు కాళ్ళూ తన కుర్చీ కిందికి ముడుచుకుంది. ఆ విషయం మాకెలా తెలుసని అడగకండి. ఆ పూట నేల మీద మా రుమాళ్ళు పరిచినట్టు పడి ఉన్నాయి.

మోంతాగ్రేగారు మాట్లాడారు. "సోదరులారా! ఇతర ఊళ్ళకు కోటలున్నాయి, వంతెనలున్నాయి. మనకొక ముక్కుంది. అది ఒక మనిషిది కాదు, మన అందరిదీ. దాని నీడలో మనం తాగుతున్నాం. దాని నమ్మకంతో మనం మింగుతున్నాం!" టోపీలు ఎగిరాయి. గాస్పార్ మూగబావి సీసా తెచ్చాడు. బిరడా తీశాడు. తడి గది సత్ఫలితాలను ఇస్తున్నట్టు వెంటనే అందరికీ తెలిసిపోయింది.

కుర్తూగారు గ్లాసు తిప్పారు. ఎడమకు తెచ్చారు. సోలాంజ్ వంగలేదు. ఆయన బూటు బల్ల కింద బయలుదేరి, ఆమె కాలు ఉండవలసిన చోటంతా వెతికి, దొరకక, ఇంకా ముందుకు పోయి మోంతాగ్రేగారి బూటును తాకింది. అధ్యక్షుడికి ఇది సంఘంలో ఏదో పాత మర్యాద అనిపించినట్టుంది. మర్యాదకు మర్యాదగా ఆయన ఒకసారి తొక్కారు.

కుర్తూగారి ముఖం వెలిగింది. ఎంతో కృతజ్ఞతతో భార్య వైపు చూశారు. గుక్క తాగారు, కళ్ళు మూసుకున్నారు, పెదవులు విప్పబోయారు.

"బిరడా కొట్టింది," అంది సోలాంజ్.

అరిచి చెప్పలేదు. ఉప్పు అందించమన్నట్టు చెప్పింది.

"మదామ్ కుర్తూ అలసిపోయినట్టున్నారు," అన్నారు మోంతాగ్రేగారు చిరునవ్వుతో. "అయినా మదామ్, మీకింకా వైన్ పొయ్యనే లేదు కదా!"

"పొయ్యక్కర్లేదు డాక్టరుగారూ. వీధిలోకి కొడుతోంది."

"అది మఠం, మదామ్."

"మఠం కాదు, అట్టపెట్టె. మా ఆయన ముక్కంటే జ్వరం తీసుకుపోయింది. మీ ముక్కులకేమొచ్చింది?"

కుర్తూగారు భయంగా గది అంతా కలయజూశారు. ఆయన వెతికింది ఆశ్చర్యం కోసం. రహస్యం బయటపడితే జనం ఆశ్చర్యపోవాలి కదా. ఎవరి ముఖంలోనూ అది లేదు. మా ముఖాల్లో ఉన్నదల్లా చిన్న ఇబ్బంది, పెళ్ళిలో ఎవరో తప్పుగా పాడినప్పటిది. అందరికీ ఎప్పుడో తెలుసని అప్పుడాయనకు అర్థమైంది. తెలిసీ ఇన్నాళ్ళూ తన తల వైపే చూస్తున్నారని కూడా అర్థమైంది. ముక్కు లేదని తెలిసినా కుర్చీ పోదన్నమాట. అటువంటి సమయంలో మనిషికి సిగ్గు వస్తుందని పుస్తకాలు చెబుతాయి. నేను చూస్తుండగా ఆయన ముఖంలోకి వచ్చింది సిగ్గు కాదు, ప్రాణం కుదుటపడటం.

"అద్భుతం," అన్నారు కుర్తూగారు. తల ఊపారు.

మేమంతా ఊపాం. చప్పట్లు కొట్టాం. మోంతాగ్రేగారు బిరుదు పతకాన్ని ఆయన మెడలో వేశారు.

సోలాంజ్ లేచింది. కోటు తీసుకుని వెళ్ళిపోతుందనుకున్నాం. తన పళ్ళెం, ఫోర్కు తీసుకుని, కిటికీ దగ్గర నా పక్కనున్న ఖాళీ బల్లకు మారింది. గాస్పార్‌ను పిలిచింది.

"ఏదైనా ఒక ఎర్ర వైన్ తీసుకురా గాస్పార్. మఠం లేనిది."

"కూజాలో తెస్తానమ్మా."

"కూజా వద్దు. సీసా."

గాస్పార్ సీసా తెచ్చాడు, తెరిచాడు, గ్లాసులో కాస్త పోశాడు. "రుచి ఎవరు..." అని ఆగిపోయాడు. బల్ల దగ్గర ఆమె ఒక్కతే ఉంది. పాపం, వృత్తి తెలిసిన మనిషి, ముప్పుతిప్పలు పడ్డాడు. నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి నదిని చూశాను. చివరికి ఒక చేత్తో సీసా, ఒక చేత్తో గ్లాసు పట్టుకుని, గది దాటి వెళ్ళి, ఆమె వైన్‌ను ఆమె భర్త ముందు పెట్టాడు.

కుర్తూగారు గ్లాసు ఎత్తారు. తిప్పారు. అలవాటుగా ఎడమకు తెచ్చారు. ఎడమ కుర్చీ ఖాళీగా ఉంది. గుక్క తాగారు. నోట్లో పులుపు, కాస్త చేదు. అంతకుమించి ఆ గుక్కలో ఆయనకు ఏమీ లేదు. మెడలో పతకం ఊగుతోంది. గది అంతా ఆయన తల వైపు చూస్తోంది.

"సోలాంజ్," అన్నారాయన, గది అవతలికి. గొంతు గోడ అవతల పాలు తాగిన ఉదయం ఉన్నట్టే ఉంది. "ఎలా ఉంది?"

ఎవరూ విననట్టు సర్దుకుని కూర్చున్నాం. సోలాంజ్ గది దాటి వచ్చింది. గాస్పార్ చేతిలోంచి సీసా తీసుకుంది. భర్త చేతిలోని గ్లాసు మీదికి వంగి, ఈసారి రొట్టె వంక పెట్టుకోకుండా, అందరి ఎదుటా వాసన చూసింది.

"బాగుంది ఆన్సెల్మ్," అంది. ఎగతాళి లేదు ఆ మాటలో. "చాలా బాగుంది. తాగు."

సీసా పట్టుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. గ్లాసు నిండా పోసుకుంది. మాంసం కూరలో రొట్టె ముంచుకుని తినసాగింది.

కుర్తూగారు గ్లాసు పట్టుకుని అలాగే ఉన్నారు. నిలువుగా ఊపితే, ఊరంతా చూస్తుండగా పెళ్ళాం మాటకు ఊపినట్టు. అడ్డంగా ఊపితే, జ్వరం వచ్చిన నాటి నుంచి అందరి ఎదుటా ఆయన అడిగి చెప్పించుకున్న ఒకే ఒక్క నిజాన్ని కాదన్నట్టు. మోంతాగ్రేగారు బల్ల కింద ఒకసారి తొక్కి చూశారు, లాభం లేకపోయింది. సోదరులు గ్లాసులు పెదవుల దాకా ఎత్తి ఆగారు. మదామ్ పెరషోన్ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. సూప్ మీద కరిగిన చీజ్ గట్టిపడుతోంది.

"మీరు తాగండి, వాళ్ళ కోసం చూడకండి," అంది సోలాంజ్ నాతో, నా గ్లాసులో పోస్తూ. "కూర చల్లారిపోతుంది."

తాగాను. ఆమె ఇంకా పోసింది. అదీ తాగాను. ఆ వైన్ ఎలా ఉందని మీరు అడుగుతారని తెలుసు. నాకెలా తెలుస్తుంది? ఆయన ఇంకా తల ఊపలేదు.